గొంతు కింద రెండు గడ్డలు, ఒక తప్పుడు శాంపిల్: ఫ్రెంచ్ బుల్‌డాగ్ పిల్లలో వంశపారంపర్య థైరాయిడ్ లోపం

పదకొండు వారాల వయసున్న ఒక ఫ్రెంచ్ బుల్‌డాగ్ మగపిల్లను, మూడు రోజులకు ఒకసారి మాత్రమే మలవిసర్జన చేస్తోందన్న ఫిర్యాదుతో, సికింద్రాబాదులోని నా క్లినిక్‌కు తీసుకొచ్చారు. ఈ పిల్లను నేను చూడటం అది మొదటిసారి కాదు. రెండు వారాల క్రితం టీకా కోసం వచ్చినప్పుడు నా కార్డులో ‘బరువు తక్కువ, నెమ్మది స్వభావం’ అని రాసి, నట్టల మందు, కాల్షియం సిరప్ ఇచ్చి పంపించాను. ఆ రోజు మెడ తడిమి చూసి ఉంటే ఈ కథ రెండు వారాల ముందే మొదలయ్యేది. యజమానురాలికి మాత్రం పిల్ల మీద ఏ ఫిర్యాదూ లేదు. “చాలా బుద్ధిమంతుడండీ డాక్టరుగారూ, పడుకోబెట్టిన చోటే పడుకుంటాడు, ఇంతవరకు ఒక్క చెప్పు కూడా కొరకలేదు” అని ఆవిడ మురిపెంగా చెప్పారు. పదకొండు వారాల కుక్కపిల్ల ఒక్క చెప్పు కూడా కొరకలేదంటే అది బుద్ధి కాదు, జబ్బు అని అప్పుడు నాకు తట్టింది.

బల్ల మీద నిలబెట్టినప్పుడు వెనక కాళ్లు కొద్దిగా ఎడంగా పెట్టి, గాలికి ఊగినట్టు ఊగింది. బరువు 1.6 కిలోలు. శరీర ఉష్ణోగ్రత సాధారణం కంటే ఒక డిగ్రీ తక్కువగా ఉంది, గుండె కూడా ఆ వయసు పిల్లకు కొట్టుకోవలసినంత వేగంగా కొట్టుకోవడం లేదు. బొచ్చు దూదిలా మెత్తగా ఉంది. ఈ వయసుకు రావడం మొదలవ్వాల్సిన గరుకైన పైవెంట్రుకలు ఎక్కడా కనిపించలేదు. నాలుక లావుగా ఉండి, కొస ఎప్పుడూ పెదవుల మధ్యే కనిపిస్తోంది. కడుపు తడిమితే పెద్దపేగులో మలం గట్టి ఉండలుగా చేతికి తగిలింది. పెంపకందారుకు ఫోన్ చేసి అడిగితే, మిగతా నాలుగు పిల్లలూ రెండో వారంలోనే కళ్లు తెరిచాయనీ, ఇది మాత్రం ఇరవై రోజులకు తెరిచిందనీ, పాలు తాగడంలో ఎప్పుడూ వెనకపడుతుండేదనీ చెప్పాడు.

ఇక్కడ ఈ జాతికే ప్రత్యేకమైన ఒక చిక్కును ప్రస్తావించాలి. పుట్టుకతో థైరాయిడ్ హార్మోను లేని కుక్కపిల్ల పొట్టిదవుతుంది. అయితే ఆ పొట్టితనం అన్ని అవయవాల్లో సమానంగా ఉండదు. తల పెద్దదిగా, ముఖం వెడల్పుగా, కాళ్లు కురచగా, మొండెం బలిసినట్టుగా కనిపిస్తుంది. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి లోపం వల్ల వచ్చే మరుగుజ్జుతనంలో శరీరం మొత్తం ఒకే కొలతలో చిన్నదవుతుంది కాబట్టి, ఈ తేడాను బట్టే రెండింటినీ విడదీయాలని కాలేజీలో చదువుకున్నాం. కానీ పెద్ద తల, వెడల్పు ముఖం, కురచ కాళ్లు కలిసి ఉన్న కుక్కనే మనం ఫ్రెంచ్ బుల్‌డాగ్ అని ముచ్చటపడి కొనుక్కుంటున్నాం. జాతి రూపమే జబ్బు రూపాన్ని కప్పేస్తోంది. ఇదే పిల్ల ఒక జర్మన్ షెపర్డ్ అయి ఉంటే, గుమ్మంలోకి రాగానే అనుమానం వచ్చేది.

మెడ తడిమినప్పుడు సందేహం తీరింది. ఆరోగ్యంగా ఉన్న కుక్కలో థైరాయిడ్ గ్రంథి చేతికి తగలదు. ఈ పిల్లకు శ్వాసనాళానికి అటూ ఇటూ, స్వరపేటికకు కాస్త దిగువన, వేళ్ల మధ్య జారిపోయే రెండు నున్నని గడ్డలు తగిలాయి. ఒక్కొక్కటి వక్కంత ఉంది. ముడతలు పడిన ఆ మెడ చర్మం కింద అవి కంటికి కనిపించే అవకాశమే లేదు. తల కొద్దిగా పైకెత్తి, బొటనవేలు, చూపుడువేలు శ్వాసనాళం వెంట పైనుంచి కిందికి జారిస్తే తప్ప దొరకవు. గాయిటర్, అంటే ఇలా ఉబ్బిన థైరాయిడ్ గ్రంథి ఉండి, హార్మోను తక్కువగా ఉన్నట్టయితే, లోపం గ్రంథి ఏర్పడటంలో కాక, గ్రంథి హార్మోను తయారుచేయడంలో ఉందని అర్థం. గ్రంథే సరిగా ఏర్పడకపోతే ఉబ్బడానికి అక్కడేమీ ఉండదు.

యజమానురాలు అంతకుముందే మనుషుల ల్యాబులో చేయించిన ఒక థైరాయిడ్ రిపోర్టు తెచ్చారు. అందులో టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌ను పనిచేయించడానికి పిట్యూటరీ పంపే హార్మోను, దాదాపు సున్నాగా ఉంది. దాన్ని చూసి ఎవరో ‘థైరాయిడ్ ఎక్కువగా ఉందేమో’ అన్నారట. ఈ పొరపాటు మన ఊళ్లలో తరచుగా జరుగుతోంది కాబట్టి ఒక మాట చెప్పాలి. థైరాయిడ్ తయారుచేసే ముఖ్య హార్మోను అయిన టీ4 అణువు మనిషిలోనైనా కుక్కలోనైనా ఒకటే, కానీ టీఎస్‌హెచ్ ఒక ప్రొటీన్, జీవజాతిని బట్టి దాని నిర్మాణం మారుతుంది. మనిషి టీఎస్‌హెచ్ కోసం తయారైన కిట్ కుక్క టీఎస్‌హెచ్‌ను దాదాపు గుర్తించదు. కాబట్టి ఆ సున్నాకు అర్థం లేదు. కుక్కల కోసం రూపొందిన పద్ధతిలో మళ్లీ చేయిస్తే, మొత్తం టీ4 డెసిలీటరుకు 0.5 మైక్రోగ్రాముల కంటే తక్కువగా, అంటే పరికరం కొలవగలిగిన కనీసానికి దిగువన వచ్చింది. పెద్ద కుక్కల్లో ఇది సుమారు 1 నుంచి 4 వరకు ఉండాలి, చిన్నపిల్లల్లో ఇంకా ఎక్కువగా ఉండాలి. టీఎస్‌హెచ్ మిల్లీలీటరుకు 3.9 నానోగ్రాములు వచ్చింది. దాని గరిష్ఠ పరిమితి సుమారు 0.6 మాత్రమే. కొలెస్టరాల్ 412, అంటే బాగా ఎక్కువ; రక్తహీనత కొద్దిపాటిది. కాలేయాన్ని తప్పించుకుపోయే రక్తనాళం ఉందేమోనన్న అనుమానంతో బైల్ ఆమ్లాల పరీక్ష కూడా చేయించాను, అది మామూలుగానే ఉంది.

ఎక్స్‌రే విషయంలోనూ జాతి రూపం అడ్డొస్తుందని తెలిసి, పెంపకందారు తన దగ్గర ఉంచుకున్న ఆడపిల్లను, అంటే ఇదే ఈతలో పుట్టిన చెల్లెలిని, అదే రోజు రప్పించాను. ఆమె బరువు 3.9 కిలోలు. ఇద్దరి ముందుకాళ్లనూ వెనకకాళ్లనూ ఒకే కొలతలో తీసి, రెండు ఫిలిములూ పక్కపక్కన పెట్టి చూశాం. చెల్లెలి మణికట్టులో చిన్న ఎముకలు ఒక్కొక్కటి స్పష్టంగా లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. అన్నగారి ఫిలింలో అదే చోట రెండు మూడు చుక్కలు, మిగతాదంతా ఖాళీ. మోకాలి దగ్గర పొడవు ఎముకల చివర్లు చెల్లెలిలో గుండ్రంగా రూపుకట్టి ఉండగా, ఇతనిలో అంచులు చెదిరిన మరకల్లా కనిపించాయి. పాఠ్యపుస్తకంలోని బొమ్మతో పోల్చడం కంటే, తోబుట్టువుతో పోల్చడమే మేలని నా అనుభవం.

జన్యు పరీక్షకు వెళ్లేముందు తేలిక కారణాలను తోసిపుచ్చాలి. అయోడిన్ లోపం వల్ల కూడా గాయిటర్ వస్తుంది, ముఖ్యంగా తల్లిని కేవలం మాంసంతో పెంచినప్పుడు. కానీ ఇక్కడ తల్లి ప్యాకెట్ ఆహారమే తింటోంది, పైగా అయిదు పిల్లల్లో ఒక్కదానికే జబ్బు ఉంది. సల్ఫా మందులు థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమును అడ్డుకుని టీ4ను తగ్గిస్తాయి, కొన్ని వారాలు వాడితే గాయిటర్ కూడా రావచ్చు, మందు ఆపితే తగ్గుతుంది. ఈ పిల్లకు విరేచనాలకని అయిదు రోజులు సల్ఫా ఇచ్చిన మాట నిజమే కానీ, అది పదో వారంలో. కళ్లు తెరవడం ఆలస్యమైంది మూడో వారంలో. అయిదు రోజుల మందు అంతకుముందు ఏడు వారాల ఎదుగుదలను వెనక్కి వెళ్లి ఆపలేదు.

ఆ పెరాక్సిడేజే ఈ కేసుకు కీలకం. గ్రంథిలోకి చేరిన అయోడిన్‌ను థైరోగ్లోబ్యులిన్ ప్రొటీనుకు అతికించి, వాటిని జతకట్టి హార్మోనుగా మార్చే పని దానిది. దాన్ని తయారుచేసే టీపీఓ జన్యువు రెండు ప్రతులూ చెడిపోతే హార్మోను పుట్టదు. హార్మోను లేదని గ్రహించిన పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పెంచుతూ పోతుంది, ఆ ఒత్తిడికి గ్రంథి ఉబ్బుతుంది. అమెరికాలోని మిచిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2003లో టాయ్ ఫాక్స్ టెరియర్లలో ఈ జన్యులోపాన్ని గుర్తించారు. దాని దగ్గరి బంధువైన ర్యాట్ టెరియర్‌లోనూ ఇదే జన్యువు చెడిపోయినట్టు తేలింది, ఆ పిల్లల మెదడు, వెన్నుపాములో నరాల చుట్టూ ఉండాల్సిన మైలిన్ పొర పలచగా ఉన్నట్టు 2007లో వెల్లడైంది. నా బల్ల మీద ఆ పిల్ల ఎందుకు ఊగిందో దీన్నిబట్టి ఊహించవచ్చు. తర్వాత ఆస్ట్రేలియా జాతి అయిన టెంటర్‌ఫీల్డ్ టెరియర్‌లో 2012లో, స్పానిష్ వాటర్ డాగ్‌లో 2013లో, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లో 2015లో ఇదే జన్యువులో మార్పులు బయటపడ్డాయి. జన్యువు ఒకటే అయినా, దానిలో చెడిన చోటు ఒక్కో వంశంలో ఒక్కో తీరుగా ఉంది. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లో కనిపించినది, జన్యు సందేశంలో అక్కర్లేని ముక్కలను కత్తిరించి మిగతావి అతికించే చోట వచ్చిన మార్పు. టెరియర్ల కోసం తయారైన పరీక్ష దాన్ని పట్టుకోదు. కాబట్టి ల్యాబుకు ‘థైరాయిడ్ జన్యు పరీక్ష’ అని రాయడం చాలదు, ఏ జాతికి సంబంధించిన మార్పు కోసం చూడాలో రాయాలి.

వైద్యం మాత్రం జన్యు రిపోర్టు కోసం ఆగలేదు, ఆగకూడదు. మెదడూ ఎముకలూ ఎదిగే వయసులో గడిచిపోయే ప్రతి వారమూ తిరిగి రాదు. హార్మోను పరీక్షకు రక్తం తీసిన సాయంత్రమే లెవోథైరాక్సిన్, అంటే టీ4 మాత్ర, మొదలుపెట్టాను. కిలోకు 20 మైక్రోగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, అంటే 25 మైక్రోగ్రాముల మాత్ర పూటకు ఒకటింపావు, ఆహారానికి గంట ముందు. గంట తిరగకుండానే మందుల దుకాణం నుంచి ఫోన్ వచ్చింది. “సార్, కిలోన్నర కుక్కపిల్లకు ఇంత డోసా, పొరపాటున రాశారా?” అని ఆయన అడిగాడు. ఆయన సందేహం న్యాయమైనదే. మనిషికి రోజు మొత్తానికి కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు సరిపోతాయి. కానీ మనిషి రక్తంలో టీ4 సగానికి తగ్గడానికి సుమారు ఏడు రోజులు పడితే, కుక్కలో సగం రోజులోనే తగ్గిపోతుంది, పైగా పేగుల్లో మందు ఇంకేది కూడా తక్కువే. ఈ లెక్క తెలియక భయపడి డోసు తగ్గించి ఇచ్చే యజమానులు ఉన్నారు కాబట్టి, ఇప్పుడు చీటీ మీదే ‘డోసు సరైనదే’ అని రాసి సంతకం పెడుతున్నాను.

ఇక జన్యు పరీక్ష దగ్గర జరిగిన పొరపాటు. అది నాదే. పిల్లకు, తల్లికి, తోబుట్టువులకు బుగ్గ లోపలి నుంచి తీసే స్వాబ్ కిట్లను పెంపకందారు చేతికిచ్చి, ఎలా తీయాలో నోటిమాటగా చెప్పి పంపించాను. మందు ప్రారంభించిన వారంలో పిల్లను కొన్ని రోజులు తల్లి దగ్గర ఉంచితే కోలుకుంటుందని యజమానురాలు పెంపకందారు ఇంట్లోనే వదిలారు. అతనూ పని ఒక్కసారే అయిపోతుందని, అందరినీ ఒకే ఉదయం కూర్చోబెట్టి స్వాబులు తీశాడు. విదేశీ ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టులో తల్లి క్యారియర్ అని ఉంది, అంటే ఒక ప్రతి మంచిది, ఒకటి చెడినది. అది ఊహించినదే. కానీ జబ్బుపిల్ల కూడా క్యారియరే అని ఉంది. ఇది అంతర్గత లక్షణం. ఒక మంచి ప్రతి ఉన్న కుక్కకు జబ్బు రాదు.

ఒక పూటంతా ఆ కాగితాన్ని నమ్మాలా వద్దా అని తర్జనభర్జన పడ్డాను. మరో జన్యువు చెడిందేమో, మనకు తెలియని ఇంకో మార్పు ఉందేమో అని కూడా ఆలోచించాను. చివరికి కాగితాన్ని పక్కనపెట్టి, స్వాబు ఎలా తీశావని పెంపకందారును మొదటి నుంచి చెప్పించుకున్నాను. “ఏముంది సార్, వాడు తల్లి దగ్గర పాలు తాగుతుంటే అట్లనే తీసుకుని నోట్లో తిప్పిన” అన్నాడు. తల్లికి పాలు ఇంకా పూర్తిగా ఇంకలేదు, ఈ బలహీనపు పిల్లను అది దగ్గరికి తీసుకుంది. పాలల్లో తల్లి కణాలు ఉంటాయి. చనుమొన చర్మం నుంచీ, నాకడం వల్లా ఇంకొన్ని చేరతాయి. స్వాబు మీద పిల్ల డీఎన్‌ఏతో తల్లి డీఎన్‌ఏ కలిసింది, తల్లిలోని మంచి ప్రతి పిల్ల ఖాతాలో పడింది. పిల్లలను తల్లి నుంచి వేరుచేసి, నోరు శుభ్రంగా ఉన్నాకే స్వాబు తీయాలని కిట్ లోపలి కాగితంలో రాసే ఉంది. నేను దాన్ని చదివి వినిపించలేదు.

రెండోసారి క్లినిక్‌లో నేనే, మైక్రోచిప్ నంబరు చదివి గొట్టం మీద రాసి, రక్తం గడ్డకట్టకుండా ఉంచే ఈడీటీఏ గొట్టంలో రక్తం తీసి పంపాను. పిల్లలో రెండు ప్రతులూ చెడినవేనని ఈసారి రిపోర్టు వచ్చింది. నాలుగు తోబుట్టువుల శాంపిళ్లనూ మళ్లీ తీశాం. మూడు క్యారియర్లు, ఒకటి క్లియర్, అంటే రెండు ప్రతులూ మంచివే. రెండు క్యారియర్లను కలిపితే నాలుగింట ఒకటి జబ్బుతో, రెండు క్యారియర్లుగా, ఒకటి క్లియర్‌గా పుట్టే అవకాశం ఉంటుంది. కానీ కళ్ల ముందు ఆరోగ్యంగా తిరుగుతున్న తోబుట్టువును తీసుకుంటే, జబ్బు లేదని ఇప్పటికే తెలుసు కాబట్టి, అది క్యారియర్ అయ్యే అవకాశం సగం కాదు, మూడింట రెండు వంతులు. పెంపకందారులకు ఈ ఒక్క లెక్క అర్థమైతే, ‘మిగతా పిల్లలన్నీ బాగున్నాయి సార్’ అన్న మాటలోని ధీమా తగ్గుతుంది. అతను సంతానానికని ఉంచుకున్న చెల్లెలు, ఎక్స్‌రేలో అంత చక్కగా కనిపించిన చెల్లెలు, క్యారియరే.

తండ్రి కుక్క శాంపిల్ మాత్రం దొరకలేదు. జబ్బుపిల్ల పుట్టింది కాబట్టి అది క్యారియర్ అని పరీక్ష లేకుండానే తెలుసు. దాన్ని నగరంలో మరికొన్ని ఆడకుక్కలకూ క్రాస్ చేయించారని విని, ఆ పిల్లలు కొన్నవారికి కబురు చేయమని దాని యజమానిని అడిగాను. మొదటిసారి విన్నాడు, రెండోసారి నుంచి ఫోన్ ఎత్తలేదు. ఇలాంటి పిల్లల్లో చాలావరకు మొదటి వారాల్లోనే చనిపోతాయి, వాటిని ‘బలం లేని పిల్ల, పాలు తాగలేదు’ అని లెక్కలోంచి తీసేస్తారు. కాబట్టి జబ్బు అరుదా, మనం చూడకపోవడం వల్ల అరుదుగా కనిపిస్తోందా అన్నది నేను చెప్పలేను. క్యారియర్లన్నిటినీ సంతానం నుంచి తప్పించాలన్న పట్టుదల కూడా నాకు లేదు. క్లియర్ కుక్కతో కలిపితే జబ్బుపిల్ల పుట్టదు, మంచి లక్షణాలున్న వంశం నష్టపోదు. కాకపోతే పరీక్ష ముందు జరగాలి, క్రాసింగ్ తర్వాత జరగాలి.

ఈ రిపోర్టుల సంగతి విన్న ఒక పొరుగాయన, ఆరేళ్ల గోల్డెన్ రిట్రీవర్‌ను తెచ్చి, “మా వాడికీ టీ4 తక్కువుంది, ఆ జీన్ టెస్టు రాయండి” అన్నారు. టీ4 0.7 ఉన్న మాట నిజమే. అయితే దురదలకని నెలకు పైగా ప్రెడ్నిసలోన్ వాడుతున్నారు, స్టెరాయిడ్లు టీ4ను తగ్గిస్తాయి. మందును క్రమంగా ఆపించి, ఆరు వారాల తర్వాత చూస్తే టీ4 1.9, కుక్క టీఎస్‌హెచ్ మామూలుగా ఉంది. కుక్కకు థైరాయిడ్ జబ్బే లేదు. ఒకవేళ ఉన్నా ఈ జన్యు పరీక్ష దాన్ని చూపించేది కాదు. నడివయసు కుక్కల్లో వచ్చే థైరాయిడ్ లోపానికి ముఖ్య కారణాలలో ఒకటి, శరీర రక్షణ వ్యవస్థే గ్రంథిపై దాడి చేయడం. దాని వెనక వంశపారంపర్యత ఉంది, డాబర్‌మన్ వంటి జాతుల్లో రోగనిరోధకతకు సంబంధించిన కొన్ని జన్యురూపాలతో సంబంధం 2006లోనే కనిపించింది. కానీ ఒక్క మార్పును చూసి అవును, కాదు అని తేల్చే పరీక్ష దానికి లేదు. ఆ జబ్బుకు థైరోగ్లోబ్యులిన్ యాంటీబాడీలు, ఫ్రీ టీ4 (రక్తంలో ప్రొటీన్లకు అతుక్కోకుండా ఉన్న టీ4), టీఎస్‌హెచ్ కలిపి చూడాలి, ఒకసారి బాగున్నా మళ్లీ మళ్లీ చూడాలి. అమెరికాలో కుక్కల వంశపారంపర్య జబ్బుల వివరాలు నమోదుచేసే ఓఎఫ్ఏ సంస్థ థైరాయిడ్ రిజిస్ట్రీ ఈ పద్ధతినే పాటిస్తుంది. చాలా జాతులకు కలిపి అమ్మే జన్యు ప్యానెళ్లలో లాబ్రడార్ పేరు ఎదురుగా ‘థైరాయిడ్ లోపం: నార్మల్’ అని కనిపిస్తే, ఆ లాబ్రడార్‌కు టెరియర్ల మార్పు లేదని మాత్రమే అర్థం. గ్రేహౌండ్‌లలో టీ4 సహజంగానే తక్కువగా ఉంటుంది. ముధోల్, కారవాన్ వంటి మన వేటజాతుల రిపోర్టులనూ ఆ జాగ్రత్తతోనే చదువుతాను.

పిల్ల విషయానికొస్తే, నాలుగు వారాలకు మాత్ర వేసిన నాలుగు గంటల తర్వాత తీసిన రక్తంలో టీ4 2.9, టీఎస్‌హెచ్ 0.4. మలబద్ధకం పది రోజుల్లోనే పోయింది, ఊగుడు రెండు నెలలు పట్టింది. పైవెంట్రుకలు ముందు ముక్కు చుట్టూ, తర్వాత వీపు మీద వచ్చాయి. ఇప్పుడు పద్నాలుగు నెలలు, 9 కిలోలు, పూటకు 150 మైక్రోగ్రాములు. ముందుకాళ్లు కొద్దిగా వంకర తిరిగే ఉన్నాయి, అవి ఇక మారవు. గ్రంథి సగానికి తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అసలే ఇరుకైన శ్వాసమార్గం ఉన్న జాతి కాబట్టి, ప్రతి మూడు నెలలకూ మెడను టేపుతో కొలిచి కార్డులో రాస్తున్నాం. సంతానం కలగకుండా పది నెలల వయసులో ఆపరేషన్ చేశాను.

తల్లి కుక్క మళ్లీ హీట్‌కు వచ్చేముందు పెంపకందారు తనంతట తానే కొత్త మగకుక్కను, దాని చిప్ నంబరు రాసిన కాగితాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. ఈసారి స్వాబు కిట్ అడగలేదు. రెండు మిల్లీలీటర్ల రక్తం నేనే తీశాను. రిపోర్టు క్లియర్ అని వచ్చాకే క్రాస్ చేయించాడు. సిజేరియన్‌లో నాలుగు పిల్లలు పుట్టాయి, నాలుగూ పదమూడో రోజుకల్లా కళ్లు తెరిచాయి. వాటిలో ఉంచుకోదలచిన ఆడపిల్ల శాంపిల్‌ను, తల్లిపాలు పూర్తిగా మాన్పించాక, వచ్చే నెల తీయాల్సి ఉంది.